ట్రేస్ ఖాళీగా వస్తే లాక్ లేనట్టేనా?

డేటాబేస్ నెమ్మదిస్తే అనుమానం ముందు లాక్ మీదికే పోతుంది. ఆ లాక్‌ను పట్టుకునే దారి విషయంలో మాత్రం ఈ వృత్తిలో రెండు పక్షాలున్నాయి. డేటాబేస్ తన గురించి తాను చెప్పుకునే లెక్కలు చాలునంటుంది ఒక పక్షం. ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి ట్రేస్ పెడితే తప్ప అసలు సంగతి తెలియదంటుంది రెండోది. ఈ సంవాదంలో రమణారావు మొదటి పక్షం, చాలా ఏళ్లుగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు నడుపుతున్న మనిషి. సుజాత రెండో పక్షం, లినక్స్ సర్వర్ల పనితీరు చూసే ఇంజనీరు. సాయంత్రం రద్దీలో ఆర్డర్ల పేజీ అప్పుడప్పుడూ ముప్పావు సెకను పాటు బిగుసుకుపోయి, తనంతట తానే తేరుకుంటోంది. ఇద్దరూ తేల్చాల్సిన చిక్కు అదే. మనుషులూ సందర్భమూ కల్పితం. చెప్పే పద్ధతులు మాత్రం పోస్ట్‌గ్రెస్‌లోనూ లినక్స్‌లోనూ ఉన్నవే.

సుజాత: రమణారావు గారూ, నిన్న రద్దీ మొదలైనప్పటి నుంచి తగ్గేదాకా ట్రేస్ నడిపాను. లాక్ కోసం ఆగిన ప్రాసెస్ ఒక్కటీ పడలేదు. ఇది లాక్ గొడవ కాదు. నెట్‌వర్క్ వైపు చూద్దాం.

రమణారావు: తొందరపడకమ్మా. నీ ట్రేస్‌లో పడకపోతే లాక్ లేనట్టేనా? డిస్క్ మందగిస్తే అన్ని పేజీలూ మందగించాలి. నెట్‌వర్క్ అయినా అంతే. ఇక్కడ ఆగుతున్నది ఆర్డర్ల పేజీ ఒక్కటే, అదీ రద్దీలోనే. పదిమంది ఒకే రికార్డు కోసం ఎగబడితే ఇలాగే ఉంటుంది.

సుజాత: లక్షణం చూసి రోగానికి పేరు పెట్టేస్తే ఎలా? సాక్ష్యం ఉందా?

రమణారావు: సాక్ష్యం అడగాల్సింది డేటాబేస్‌నే. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ ఉంటుంది. పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూ తెరిస్తే ప్రతి ప్రాసెస్ నంబరూ, అది నడుపుతున్న క్వెరీ, దాని లావాదేవీ ఎప్పుడు మొదలైందీ అన్నీ కనిపిస్తాయి. 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి, ప్రాసెస్ దేనికోసం ఆగిందో కూడా వెయిట్_ఈవెంట్_టైప్, వెయిట్_ఈవెంట్ అనే రెండు కాలమ్‌లలో ఉంటోంది. అదే వెర్షన్‌లో పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్ ఇచ్చారు. ఆగిన ప్రాసెస్ నంబరు ఇస్తే, దాన్ని ఆపినవాళ్ల నంబర్లు చెబుతుంది. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

సుజాత: పీజీ_లాక్స్ వ్యూ ముందునుంచీ ఉంది కదా. మళ్లీ ఆ ఫంక్షన్ ఎందుకు?

రమణారావు: పీజీ_లాక్స్‌లో లాక్ దొరికినవాళ్లూ, దొరకనివాళ్లూ కలిసి ఉంటారు. ఎవరు ఎవర్ని ఆపారో మనమే క్వెరీ రాసి జతపరచుకోవాలి. టేబుల్ లాక్‌లు ఎనిమిది రకాలు, ఏది దేనితో పొసగదో ఆ క్వెరీలో సరిగ్గా రాసేవాళ్లు తక్కువ. క్యూ సంగతి మరీ మర్చిపోతారు. ఒక పెద్ద రిపోర్టు టేబుల్‌ని చదువుతోందనుకో. ఎవరో ఆ టేబుల్ మీద ఆల్టర్ కొట్టారు. దానికి యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి కాబట్టి రిపోర్టు అయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత వచ్చే మామూలు సెలెక్ట్‌లకు రిపోర్టుతో ఏ పేచీ లేదు. అయినా ఆల్టర్ వెనకాల క్యూలో ఇరుక్కుంటాయి. లాక్ పట్టుకున్నవాణ్ణే కాదు, క్యూలో ముందు నిలబడి అడ్డమైనవాణ్ణి కూడా ఆ ఫంక్షన్ చూపిస్తుంది.

సుజాత: అది టేబుల్ లాక్. మనకు అనుమానం రికార్డు మీద కదా. రికార్డు లాక్‌లు పీజీ_లాక్స్‌లో కనిపించవు.

రమణారావు: నేరుగా కనిపించవు. రికార్డును ఎవరు పట్టుకున్నారన్న గుర్తు ఆ రికార్డు హెడర్‌లోనే పడుతుంది. అందుకే ఒక లావాదేవీ లక్షల రికార్డులు పట్టుకున్నా మెమరీలోని లాక్ పట్టిక నిండదు. వెనకొచ్చినవాడు, ఆ లావాదేవీ ముగియడం కోసం ఆగుతాడు. వ్యూలో వాడి ఎదురుగా ట్రాన్సాక్షన్‌ఐడీ అని పడేది అందుకే. క్యూలో మొదటివాడి దగ్గర టపుల్ లాక్ ఒకటి ఉంటుంది. అందులో పేజీ నంబరూ, టపుల్ నంబరూ ఉంటాయి. వాటితో అసలు రికార్డు దాకా వెళ్లొచ్చు.

సుజాత: ఆ ముప్పావు సెకనులో మీరు చూస్తూ ఉంటే వెళ్లొచ్చు. మీ మానిటరింగ్ పది సెకన్లకోసారి తొంగిచూస్తోంది. ముప్పావు సెకను ఆగడం అందులో పడే అవకాశం నూటికి ఏడెనిమిది. వ్యూలకు నిన్నటి సంగతి తెలియదు, ఇప్పటి సంగతే చెబుతాయి. నా ట్రేస్ అలా కాదు, ఆగడం మొదలైన ప్రతిసారీ, ముగిసిన ప్రతిసారీ రాసుకుంటుంది.

రమణారావు: నిన్నటి సంగతికి లాగ్ ఉంది. లాగ్_లాక్_వెయిట్స్ ఆన్ చేస్తే, ఫలానా ప్రాసెస్ ఫలానా లావాదేవీ కోసం ఇన్ని మిల్లీసెకన్లుగా ఆగి ఉందని రాస్తుంది. లాక్ ఎవరి దగ్గరుందో, క్యూలో ఎవరెవరున్నారో కూడా కింద రాస్తుంది. మన దగ్గర అది ఆన్‌లోనే ఉంది.

సుజాత: ఉండి లాభమేంటి? ఆ వాక్యం రాసేది డెడ్‌లాక్_టైమవుట్ గడువు దాటాక. డిఫాల్ట్ ఒక సెకను. మన పేజీ ఆగుతున్నది ముప్పావు సెకను. మీ లాగ్ కళ్లు తెరిచేలోపే అంతా అయిపోతోంది.

రమణారావు: గడువును 200 మిల్లీసెకన్లకు దించితే సరి. సర్వర్ రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, రీలోడ్ చాలు. ఇంకా దగ్గరగా చూడాలంటే పీజీ_వెయిట్_శాంప్లింగ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, డిఫాల్ట్‌గా పది మిల్లీసెకన్లకోసారి నమూనా తీస్తుంది. నీ ట్రేస్ లేకుండానే పని జరుగుతుంది.

సుజాత: ఊరికే జరగదు. గడువు దాటిన ప్రతి ప్రాసెస్సూ డెడ్‌లాక్ ఉందేమోనని వెతుకుతుంది. అందుకోసం లాక్ మేనేజర్ విభజనలన్నిటినీ ఎక్స్‌క్లూజివ్‌గా పట్టుకోవాలి. మీరు మెచ్చుకున్న పీజీ_బ్లాకింగ్_పిడ్స్ కూడా లాక్ మేనేజర్‌ను కాసేపు తన ఒక్కదానికే పట్టుకుంటుంది. తరచుగా పిలిస్తే పనితీరు దెబ్బతినొచ్చని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఆ క్వెరీని సెకనుకు పదిసార్లు కొట్టే డ్యాష్‌బోర్డ్ పెడితే, లాక్‌లు వెతికే పనిముట్టే లాక్‌ల రద్దీ పెంచుతుంది.

రమణారావు: సెకనుకు పదిసార్లు కొట్టమని నేను అనలేదు. రెండు వందల మిల్లీసెకన్లు ఆగినవాడు డెడ్‌లాక్ కోసం ఒకసారి వెతికితే కొంప మునగదు. వేలమంది అంతసేపు ఆగుతున్నారంటే అప్పటికే మునిగినట్టు.

సుజాత: అది వదిలేద్దాం. అసలు లోటు ఇంకొకటుంది. పీజీ_లాక్స్‌లో ఉండేవి పెద్ద లాక్‌లు మాత్రమే. షేర్డ్ మెమరీలోని బఫర్లనీ, మార్పులను ముందుగా రాసుకునే లాగ్ అయిన వాల్‌నీ, లాక్ పట్టికనీ కాపాడే ఎల్‌డబ్ల్యూలాక్‌లు, అంటే లైట్‌వెయిట్ లాక్‌లు, అందులో ఉండవు. వాటికంటే చిన్నవైన స్పిన్‌లాక్‌ల ఊసే లేదు.

రమణారావు: పీజీ_లాక్స్‌లో లేకపోయినా వెయిట్ ఈవెంట్లలో ఉన్నాయి. ఆగిన ప్రాసెస్ ఎదురుగా ఎల్‌డబ్ల్యూలాక్ అనీ, దాని పేరూ వస్తాయి. స్పిన్‌లాక్ దగ్గర నిద్రపోయినా 16వ వెర్షన్ నుంచి స్పిన్‌డిలే అని చూపిస్తోంది. గిట్‌ల్యాబ్ వాళ్ల సంగతి గుర్తుందా? 2021లో వాళ్ల రెప్లికాలు ఉన్నట్టుండి చతికిలబడేవి. సబ్‌ట్రాన్సాక్షన్ల ఎల్‌డబ్ల్యూలాక్ దగ్గర ప్రాసెస్‌లు పోగుపడుతున్నాయని వెయిట్ ఈవెంట్లే చూపించాయి. సేవ్‌పాయింట్లూ, దీర్ఘకాలం సాగే లావాదేవీలూ కలిసి చేసిన పని అది. వాళ్లు తమ కోడ్‌లో సబ్‌ట్రాన్సాక్షన్లు తీసేసుకున్నారు. కొస దొరికింది వ్యూలోనే.

సుజాత: ఆగినవాళ్లు వ్యూలో దొరికారు, సరే. మరి ఎల్‌డబ్ల్యూలాక్ పట్టుకున్నవాడు ఎవరో ఏ వ్యూలో ఉంది?

రమణారావు: ఆ వ్యూ లేదు.

సుజాత: నేను అడిగేది అదే. పెద్ద లాక్‌కి పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఉంది. ఎల్‌డబ్ల్యూలాక్‌కి అలాంటిది లేదు. ముప్పై ప్రాసెస్‌లు ఆగి ఉంటాయి, ముప్పై ఒకటోదాని వెయిట్_ఈవెంట్ ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే సీపీయూ మీద పరుగెడుతోందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌కి తెలిసిన ఏ కారణంతోనూ ఆగలేదని మాత్రమే దానర్థం. ఆ ప్రాసెస్ సీపీయూ వంతు కోసం రన్ క్యూలో నిలబడి ఉండొచ్చు. కంటైనర్‌కి ఇచ్చిన సీపీయూ కోటా అయిపోయి కెర్నెల్ దాన్ని తొక్కిపెట్టి ఉండొచ్చు. మెమరీ చాలక పేజీలు ఖాళీ చేసే పనిలో ఇరుక్కుని ఉండొచ్చు. లాక్ చేతిలో పెట్టుకుని అది ఆగితే ముప్పై మందీ ఆగుతారు. మీ వ్యూ ముప్పై మందినీ చూపించి అసలువాడి దగ్గర మౌనం వహిస్తుంది. షెడ్యూలర్ ట్రేస్ పెడితే వాడు ఎప్పుడు సీపీయూ దిగాడో, కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ దగ్గర ఉన్నాడో స్టాక్‌తో సహా బయటపడుతుంది.

రమణారావు: ఆ ఒక్క చోట ట్రేస్ కావాల్సిందే, కాదనను. అయితే అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని? మిగతా రోజుల్లో లాక్ గొడవ అంటే ఎవరో లావాదేవీ తెరిచి వదిలేయడమే. దానికి కెర్నెల్ దాకా వెళ్లాలా?

సుజాత: వెళ్లడం కష్టమైతే కదా! ఎస్‌ట్రేస్ పెట్టి ఒక్క ప్రాసెస్‌ని చూసినా చాలా తెలుస్తుంది. పెద్ద లాక్ కోసం ఆగిన బ్యాకెండ్ ఈపోల్_వెయిట్‌లో కూర్చుంటుంది. ఎల్‌డబ్ల్యూలాక్ కోసం ఆగినది ఫ్యూటెక్స్ కాల్‌లో ఉంటుంది. 10వ వెర్షన్‌కి ముందైతే లినక్స్ మీద అది సెమాప్. ఏ జాతి లాక్ అనేది ఆ కాల్ పేరుతోనే అర్థమవుతుంది.

రమణారావు: అక్కడే నాకు భయం. క్లయింటు పంపే తర్వాతి క్వెరీ కోసం ఖాళీగా కూర్చున్న బ్యాకెండ్ కూడా ఈపోల్_వెయిట్‌లోనే ఉంటుంది. కాల్ పేరు ఒక్కటే చూసినవాడు ఖాళీగా ఉన్నదాన్ని లాక్‌లో ఉందనుకుంటాడు. పైగా ఎస్‌ట్రేస్ పనిచేసేది పీట్రేస్ మీద. ప్రతి సిస్టమ్ కాల్‌కీ వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ప్రాసెస్‌ని నిలబెడుతుంది. నువ్వు తగిలించిన బ్యాకెండ్ చేతిలో లాక్ ఉంటే, నీ ట్రేస్ వల్ల అది ఇంకాస్త ఆలస్యంగా వదులుతుంది. దాని వెనకున్న క్యూ అంతా ఆలస్యమవుతుంది. లాక్ ఎంతసేపు పట్టుకుంటున్నారో కొలవడానికి వెళ్లి ఆ సేపును నువ్వే పెంచావు. జీడీబీ తగిలిస్తే ఇంకా ఘోరం, ప్రాసెస్ పూర్తిగా ఆగిపోతుంది. అలా ఆపినదాన్ని ఎవరైనా కంగారులో కిల్ మైనస్ 9 కొట్టారా, పోస్ట్‌మాస్టర్ మిగతా బ్యాకెండ్‌లన్నిటినీ దించేసి క్రాష్ రికవరీకి పోతుంది.

సుజాత: అందుకే ప్రొడక్షన్‌లో ఎస్‌ట్రేస్ వాడను, బీపీఎఫ్‌ట్రేస్ వాడతాను. ప్రాసెస్‌ని నిలబెట్టకుండా ప్రోబ్‌ల ద్వారా, అంటే కోడ్‌లో ముందే పెట్టిన గుర్తుల ద్వారా, వినే పద్ధతి అది. కొత్తదేం కాదు. సన్ కంపెనీ 2005లో సొలారిస్ 10తో డీట్రేస్ ఇచ్చింది. ఆ మరుసటేడు 8.2 వెర్షన్‌లోనే పోస్ట్‌గ్రెస్ సోర్సులో డీట్రేస్ ప్రోబ్‌లు చేరాయి. ఇప్పుడు లినక్స్‌లో అవే ప్రోబ్‌లను ఈబీపీఎఫ్ ద్వారా అందుకుంటున్నాం. లాక్__వెయిట్__స్టార్ట్, లాక్__వెయిట్__డన్, ఎల్‌డబ్ల్యూలాక్__వెయిట్__స్టార్ట్, డెడ్‌లాక్__ఫౌండ్ లాంటివి. ఎవరూ వినకపోతే ప్రోబ్ ఉన్న చోట ఏమీ చేయని ఒక ఇన్‌స్ట్రక్షన్ మాత్రం ఉంటుంది. వింటున్నప్పుడు బీపీఎఫ్‌ట్రేస్ లెక్కలు కెర్నెల్‌లోనే వేసుకుని హిస్టోగ్రామ్ ఒక్కటే బయటికి ఇస్తుంది.

రమణారావు: వినేవాడు వచ్చాక?

సుజాత: ప్రోబ్ తగిలిన ప్రతిసారీ కెర్నెల్‌లోకి వెళ్లి రావాలి, మైక్రోసెకను పైచిలుకు. అందుకని ఎల్‌డబ్ల్యూలాక్__అక్వైర్ మీద పెట్టను. రద్దీ సర్వర్‌లో అది సెకనుకు లక్షల సార్లు మోగుతుంది, డేటాబేస్ నడుం విరుగుతుంది. ఆగడం మొదలూ చివరా పెడితే చాలు. ఆగినవాడు ఎలాగూ ఆగాడు, ఇంకో మైక్రోసెకనుతో వాడికి పోయేదేం లేదు.

రమణారావు: బాగుంది. ఇన్ని ప్రోబ్‌లు ఉన్నాయన్నావు, నిన్న ఒక్కటీ ఎందుకు మోగలేదో చెప్పు. రద్దీలో ఉన్న డేటాబేస్‌లో గంటల తరబడి ఒక్క లాక్ కోసం కూడా ఎవరూ ఆగలేదంటే నేను నమ్మను. సున్నా వచ్చిందంటేనే అనుమానం రావాలి.

సుజాత: స్క్రిప్ట్ ఎర్రర్ ఇవ్వలేదు. ప్రోబ్‌లు తగులుకున్నాయనే చెప్పింది.

రమణారావు: దేనికి తగులుకున్నాయి? మన బిల్డ్‌లో ప్రోబ్‌లు ఉన్నాయా అసలు? కంపైల్ చేసేటప్పుడు ఎనేబుల్ డీట్రేస్ అని ప్రత్యేకంగా అడిగితేనే వస్తాయి.

సుజాత: చూశాను. పీజీ_కాన్ఫిగ్ ఆ ఆప్షన్ చూపిస్తోంది. బీపీఎఫ్‌ట్రేస్‌తో ఆ బైనరీలోని ప్రోబ్‌ల జాబితా కూడా తీశాను, పేర్లన్నీ ఉన్నాయి.

రమణారావు: ఏ బైనరీలో?

సుజాత: హోస్ట్ మీద యూఎస్ఆర్ కింద ఉన్న... ఆగండి. మన డేటాబేస్ కంటైనర్‌లో కదా నడిచేది.

రమణారావు: బ్యాకప్ పనుల కోసం హోస్ట్ మీద కూడా పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ వేశారు. దారి పేరు అచ్చం ఒకటే. ఫైలు వేరు.

సుజాత: అయితే నేను ఎవరూ నడపని ఫైలు మీద కూర్చుని విన్నాను. యూజర్‌స్పేస్ ప్రోబ్ తగులుకునేది దారి పేరుకి కాదు, ఆ పేరు వెనకున్న ఐనోడ్‌కి. ఆ ఫైలును ఏ ప్రాసెస్సూ నడపకపోతే ఎప్పటికీ మోగదు. ఎర్రర్ కూడా రాదు, ఫైలు నిజంగానే ఉంది కదా. కంటైనర్‌లోని బ్యాకెండ్ నంబరు పట్టుకుని ప్రాక్ కింద రూట్ ద్వారా దాని సొంత ఫైలుకి వెళ్లాలి. కంటైనర్ లేకపోయినా ఈ ఉచ్చు ఉంది. ప్యాకేజీ అప్‌డేట్ అయి, సర్వర్ రీస్టార్ట్ కాకపోతే, నడుస్తున్న పోస్ట్‌మాస్టర్ పాత ఐనోడ్ మీదే ఉంటుంది. మనం కొత్త ఫైలుకి తగిలిస్తాం. అప్పుడు ప్రాక్‌లోని ఎగ్జే లింకు చూపించే ఫైలుకే తగిలించాలి.

రమణారావు: నంబర్ల సంగతి కూడా చూసుకో. కంటైనర్ లోపల వ్యూ చూపే పీఐడీ వేరు, హోస్ట్ మీద నీ ట్రేస్ చూపే పీఐడీ వేరు. రెండూ పోల్చి చూసి ఈ నంబరు డేటాబేస్‌లోనే లేదని తేల్చేసినవాళ్లున్నారు.

సుజాత: ప్రాక్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలు తెరిస్తే ఎన్ఎస్‌పిడ్ అనే వరుసలో రెండు నంబర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఎల్‌డబ్ల్యూలాక్ ప్రోబ్‌లకు సెమాఫోర్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. ఎవరైనా వింటున్నారని ఆ స్విచ్ చెబితేనే పోస్ట్‌గ్రెస్ ప్రోబ్ దాకా వస్తుంది. 4.20 నుంచి కెర్నెలే దాన్ని వేయగలదు. అంతకు ముందు కెర్నెల్ అయితే ట్రేస్ పనిముట్టుకి ప్రాసెస్ నంబరు ఇచ్చి వేయించాలి, అదీ ఆ ఒక్క ప్రాసెస్‌కే పడుతుంది. మిగతా బ్యాకెండ్‌లు మౌనంగా ఉంటాయి. ఒకటి మోగి మిగతావి మోగకపోతే, వాటికి లాక్ బాధ లేదని రాసేస్తాం.

రమణారావు: చూశావా, ఇన్ని చోట్ల నోరు మూసుకునే పనిముట్టును నమ్మి నెట్‌వర్క్ వాళ్ల మీదికి పోబోయావు.

సుజాత: మీ లాగ్ కూడా నోరు మూసుకునే ఉంది కదండీ. ముప్పావు సెకను ఆగితే మోగని గంట కట్టి, మోగలేదు కాబట్టి ఎవరూ రాలేదనుకున్నారు. నాది తప్పు ఫైలు, మీది తప్పు గడువు. తేడా ఏముంది?

రమణారావు: సరే, నువ్వైతే ఎలా పరీక్షిస్తావు?

సుజాత: నేనే ఒక లాక్ వేస్తాను. టెస్ట్ టేబుల్ ఒకటి తీసుకుని, ఒక పీఎస్‌క్యూఎల్‌లో బిగిన్ కొట్టి ఒక రికార్డును అప్‌డేట్ చేసి అలాగే వదిలేస్తాను. ఇంకో పీఎస్‌క్యూఎల్‌లో అదే రికార్డును అప్‌డేట్ చేస్తాను. అది ఆగుతుంది. అర సెకను తర్వాత మొదటిదాన్ని కమిట్ చేస్తాను. నా ట్రేస్‌లో ఒక మొదలు, ఒక చివర, మధ్యలో సుమారు అర సెకను కనిపించాలి. కనిపిస్తేనే అసలు రద్దీ మీద పెడతాను.

రమణారావు: అదే అర సెకను నా లాగ్‌లో కూడా పడాలి. ఇప్పుడున్న గడువుతో పడదు. 200కి దించాక పడాలి. పీజీ_వెయిట్_శాంప్లింగ్‌లోనూ పడాలి. ఒకే లాక్ మీద మూడూ పరీక్షిద్దాం. ఎల్‌డబ్ల్యూలాక్‌కి ఏం చేస్తావు? దాన్ని చేత్తో వేయలేం.

సుజాత: టెస్ట్ సర్వర్ మీద పీజీబెంచ్‌తో ఎక్కువ క్లయింట్లను పెట్టి రాతలు కొట్టిస్తే, వాల్ రాసే చోట ఎల్‌డబ్ల్యూలాక్ ఎదురుచూపులు వస్తాయి. వ్యూలో వాల్‌రైట్ అని కనిపిస్తూ నా ట్రేస్ ఖాళీగా ఉంటే, తప్పు నా ట్రేస్‌దే.

(పరీక్ష అయింది. ట్రేస్‌ను కంటైనర్‌లోని బైనరీకి తగిలించారు, లాగ్ గడువు దించారు. ఆ సాయంత్రం రద్దీ తగ్గాక మళ్లీ కూర్చున్నారు.)

సుజాత: హిస్టోగ్రామ్ వచ్చింది. ఎల్‌డబ్ల్యూలాక్ ఎదురుచూపులు చాలావరకు మిల్లీసెకనులోపే, వాటితో మనకు పనిలేదు. పెద్ద లాక్‌లలో మాత్రం అర సెకనుకీ, ఎనిమిది వందల మిల్లీసెకన్లకీ మధ్య గుట్టలా పోగుపడ్డాయి. అన్నీ ట్రాన్సాక్షన్ రకమే. ప్రోబ్ ఆ రకాన్ని అంకెగా ఇస్తుంది. ఆ అంకెలు వెర్షన్‌ని బట్టి మారాయి కాబట్టి మన వెర్షన్ హెడర్ ఫైలు చూసే అర్థం చెప్పుకున్నాను. మీ ఊహ నిజమే, రికార్డు లాకే.

రమణారావు: పట్టుకున్నవాడు ఎవరో నీ ప్రోబ్ చెప్పిందా?

సుజాత: లేదు. ఏ వస్తువు కోసం, ఏ రకం లాక్ కోసం ఆగారో చెబుతుంది. ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

రమణారావు: నా లాగ్ చెప్పింది. పట్టుకున్న ప్రాసెస్ నంబర్లన్నీ ఆర్డర్ల సర్వీసువే. వాటి మీద కన్నేసి వ్యూ తీస్తే, స్థితి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, వెయిట్ ఈవెంట్ క్లయింట్‌రీడ్. అంటే లావాదేవీ తెరిచి పెట్టి, అప్లికేషన్ ఎక్కడికో వెళ్లింది. క్వెరీ కాలమ్‌లో ఏముందో చూడు.

సుజాత: మామూలు సెలెక్ట్. ఇది రికార్డును ఎలా ఆపుతుంది?

రమణారావు: ఆపదు. ఆ కాలమ్‌లో ఉండేది ఆ ప్రాసెస్ చివరగా నడిపిన వాక్యం. లాక్ వేసినది దానికి ముందు నడిచిన అప్‌డేట్. ఈ కాలమ్ చూసి సెలెక్ట్‌ని తిట్టుకుని, దానికి ఇండెక్స్ వేసి, సమస్య అలాగే ఉండిపోయిన చోట్లు బోలెడు. కోడ్ తెరిచి చూశాను. ముందు సరుకు నిల్వ తగ్గించే అప్‌డేట్, తర్వాత ధర చదివే సెలెక్ట్, ఆ తర్వాత చెల్లింపు గేట్‌వేకి నెట్‌వర్క్ కాల్, అది తిరిగొచ్చాకే కమిట్. ఎక్కువమంది కొనే సరుకైతే ఆ ఒక్క నిల్వ రికార్డు దగ్గర అందరూ క్యూ. గేట్‌వే ఎంతసేపు తీసుకుంటే లాక్ అంతసేపు.

సుజాత: నెట్‌వర్క్ వైపు చూద్దామన్న నా మాట కూడా పూర్తిగా వృథా కాలేదన్నమాట! నెట్‌వర్క్ కాల్‌ను లావాదేవీలోంచి బయటికి తీయాలి. ముందు నిల్వను కేటాయించి కమిట్, గేట్‌వే జవాబు వచ్చాక ఇంకో చిన్న లావాదేవీ. డబ్బు పడకపోతే కేటాయింపు రద్దు.

రమణారావు: లాక్_టైమవుట్, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ గడువు కూడా పెడదాం. ఇంకోసారి ఎవరైనా ఇలాంటి కోడ్ రాస్తే గంటలు నిలబడకుండా తెగిపోతుంది. ఇప్పుడు చెప్పు, నా 200 మిల్లీసెకన్ల లాగ్ ఒక్కటే ఉన్నా ఈ దొంగ దొరికేవాడా, కాదా?

సుజాత: ఈ దొంగ దొరికేవాడు. ఆ 200 అనే అంకె సరైనదని మీకెలా తెలుస్తుంది? ఎదురుచూపులు నూట యాభై దగ్గర పోగుపడి ఉంటే మళ్లీ ఖాళీ లాగే. ఎక్కడ కోయాలో హిస్టోగ్రామ్ చెబుతుంది. ఎల్‌డబ్ల్యూలాక్ దొంగైతే మీ లాగ్‌లో అసలే పడడు.

రమణారావు: హోస్ట్ మీద అడుగు పెట్టనివ్వని క్లౌడ్ డేటాబేస్ అయితే నీ ట్రేసే ఉండదు. అక్కడ నా వ్యూలే దిక్కు. ప్రొడక్షన్‌లో రాత్రింబగళ్లు ట్రేస్ తగిలించి ఉంచడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. ప్రశ్న ఉన్నప్పుడు పెట్టు, జవాబు రాగానే తీసెయ్.

సుజాత: అది నాకూ సమ్మతమే. మీ మానిటరింగ్ మాటేమిటి? మీరు ఒక్కసారైనా పరీక్షించకుండా దాన్ని పచ్చగా వెలగనివ్వకూడదు.

రమణారావు: ఇకమీదట ప్రతి కొత్త సర్వర్‌కీ, ప్రతి అప్‌గ్రేడ్ తర్వాతా నీ అర సెకను లాక్ వేసి చూస్తాం. పడకపోతే ఆ మానిటరింగ్‌ని ఎవరూ నమ్మనక్కర్లేదు.

ఇద్దరిలో ఎవరు గెలిచారంటే, ప్రశ్నను బట్టి తీర్పు మారుతుంది. ఎవరు ఎవర్ని ఆపారన్న ప్రశ్నకి ముందు వ్యూలూ, లాగూ చూడాలి. అక్కడ పేరు దొరకకపోయినా, లాక్ పట్టుకున్నవాడే ఎందుకో కదలకపోయినా, అప్పుడు ట్రేస్ ఎత్తాలి. ఈ వరస తలకిందులు చేస్తే శ్రమ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. రెండింటికీ వర్తించే నియమం ఒకటుంది. పనిముట్టు ఏమీ లేదని చెప్పినప్పుడు, ఉన్నదాన్ని చూపించగలదని ముందే రుజువై ఉండాలి. డేటాబేస్‌లు చూసుకునే పాఠకులకు ఒక మనవి: ఈ వారంలోనే ఒక టెస్ట్ టేబుల్ మీద అర సెకను పాటు లాక్ వేయండి. మీ లాగ్‌లోనూ, డ్యాష్‌బోర్డ్‌లోనూ, ట్రేస్‌లోనూ అది పడిందో లేదో చూసుకోండి.